నాయనమ్మ దిద్దిన ముక్కులు

నేను రోజూ నరసరావుపేటలో బస్సెక్కి పిడుగురాళ్ల వెళ్లి, ఒక సున్నపు బట్టీలో లారీలకు లోడెత్తించే పని చూస్తాను. అందుకే ముక్కు మూసుకుపోతే, దుమ్ము వల్లేనని ఏళ్ల తరబడి సరిపెట్టుకున్నాను. ఎడమ ముక్కు ఎప్పుడో రిటైరైపోయింది. కుడిదొక్కటే డ్యూటీ చేసేది. నా గురక భరించలేక మా ఆవిడ చంటిపాపను తీసుకుని ముందుగదిలోకి కాపురం మార్చింది. "ఏందయ్యా ఆ గురక! ట్రాక్టర్ పక్కన పడుకున్నట్టుంది" అంటూ చివరికి తనే నన్ను ముక్కు డాక్టర్ దగ్గరకు లాక్కెళ్లింది.

డాక్టరుగారు సన్నటి గొట్టానికున్న కెమెరా లోపలికి పంపి, నా ముక్కును నాకే టీవీలో చూపించారు. రెండు రంధ్రాల మధ్య గోడ ఉంటుందట. ముందుభాగం మెత్తటి ఎముక, వెనక గట్టి ఎముక. నాది ఎడమవైపుకు ఒరిగిపోయి దారి మూసేసింది.

"ఈ గోడ చాలామందికి కాస్తో కూస్తో వంకరగానే ఉంటుంది. ఊపిరికి అడ్డం రాకపోతే మేం దాని జోలికి పోం. ముందు స్ప్రే వాడండి. దాంతో వాపు తగ్గుతుంది గానీ గోడ నిటారుగా నిలబడదు. అప్పటికీ గాలి ఆడకపోతే ఆపరేషన్" అన్నారు.

ఎందుకొచ్చిందని అడిగాను. పుట్టుకతో రావచ్చు, చిన్నప్పుడేదైనా తగిలి రావచ్చు అన్నారు.

ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మా నాయనమ్మ తింటున్న కంచం పక్కన పెట్టేసి లేచిపోయింది.

కారణముంది. మా వీధిలో చంటిపిల్లలకు నీళ్లు పోసేది మా నాయనమ్మే. కాళ్లు చాపుకుని, బిడ్డను వాటిమీద పడుకోబెట్టి, నూనె వేళ్లతో ముక్కును పైనుంచి కిందికి సాగదీసేది. "ఇప్పుడు దిద్దకపోతే ఎప్పుడు దిద్దుతారే, పెళ్లిచూపుల్నాడా?" అని తల్లుల్ని కేకలేసేది. తీరైన ముక్కున్న పిల్ల ఎవరైనా వీధిలో కనబడితే చాలు, "అది నా చేతి ముక్కే" అని వచ్చేపోయేవాళ్లకు చూపించేది. నాకూ ఆమే నీళ్లు పోసింది.

మర్నాడు పాపకు నీళ్లు పోసే వేళకు నాయనమ్మ అరుగు మీంచి లేవలేదు. "నా చెయ్యి మంచిది కాదులే అమ్మా. నువ్వే పోసుకో" అంది మా ఆవిడతో. మా ఆవిడకు అలవాటు లేదు. పాప ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది. నాయనమ్మ మాత్రం అటువైపు తిరిగి కూర్చుంది. ఎవరు పిలిచినా ఇక ఏ బిడ్డనూ ముట్టుకోలేదు. ఆమెను అలా చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

స్ప్రే వల్ల పెద్దగా లాభం లేకపోవడంతో ఆపరేషన్ చేయించుకున్నాను. మత్తిచ్చి, అంతా ముక్కు లోపల్నుంచే కానిచ్చారు. బయట ఒక్క కుట్టు లేదు. తర్వాత రెండు వైపులా దూది కుక్కితే, వాళ్లు తీసేదాకా నోటితోనే గాలి పీల్చుకుంటూ గడిపాను. ముక్కు చీదకూడదు, బరువులెత్తకూడదు. చూడ్డానికొచ్చిన పక్కింటి బాబాయి తెగ నిరాశపడ్డాడు. "ఆపరేషన్ అన్నారు, మళ్లీ అదే ముక్కు కదరా!" అన్నాడు. వాపు తగ్గాక ఒక పొద్దున ఎడమవైపు నుంచి గాలి చల్లగా లోపలికొచ్చింది. ఊరికే కూర్చుని పీల్చుకుంటూ ఉండిపోయాను.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్లినప్పుడు నాయనమ్మ సంగతి అడిగాను. డాక్టరుగారు నవ్వారు. "నూనె రాసి సాగదీస్తే ఎముక మాట వినేదైతే నాకీ కత్తెర్లెందుకయ్యా? ఆ చేత్తో వంకరా రాదు, చక్కనా కాదు. అయినా చంటిపిల్లల ముక్కు నలపొద్దని చెప్పండి" అన్నారు.

సంతోషంగా ఇంటికి పరుగెత్తి, అరుగు మీదే ఆ మాటంతా నాయనమ్మకు అప్పజెప్పాను. ఆమె ముఖంలో ఏ సంబరమూ లేదు. వీధి వంక చూసింది.

"అయితే మీ అత్త ముక్కు నేను దిద్దింది కాదా? ఆ ఎదురింటి పిల్లది?"

తప్పు లేదని చెప్పబోయి, ఆమె జన్మంతా చేసిన పని చేతుల్లోంచి లాగేసుకున్నానని అప్పుడు తెలిసింది.

అంతలో ఆమే తల అడ్డంగా ఊపింది. "ఆ డాక్టరుకేం తెలుసురా! నీ ముక్కు నేనే చెడగొట్టా. చానా గింజుకునేవాడివి. చెయ్యి జారింది."

"అవును నాయనమ్మా, నీ చెయ్యే జారింది" అన్నాను.

ఆమె చీర చెంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి కేకేసింది. "ఏమే, నీళ్లు తోడు. పిల్లను ఇటు తే."

కాళ్లు చాపుకుని పాపను పడుకోబెట్టుకుంది. బుగ్గలకు, చేతులకు, కాళ్లకు నూనె పట్టించింది. నేను అక్కడే నిలబడి ఉండటం చూసింది.

"దీని ముక్కు జోలికి పోనులేరా" అంది. "చెయ్యి వణుకుతా ఉంది."