పట్టుదారంతో కొలిచిన టైర్లు

మా ఆవిడ కాన్పుకని గుడిబండెలోని పుట్టింటికి వెళ్లింది. పాపకు ఐదో నెలలో, ఒక శుక్రవారం పూట, బిడ్డతో బాగేపల్లిలోని మా ఇంటికి రావాలి. నా కూతుర్ని నా బండిలోనే తెచ్చుకోవాలని నా పంతం. బండేమో బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన పాత విదేశీ కారు. టైర్లలో గాలి తగ్గితే వెలిగే దీపం ఒకటుంది దానికి. ఆ రోజుల్లో మా వైపు ఎవరూ అలాంటిది చూడలేదు. గాలి నిండుగా ఉన్నా అది నెలరోజులుగా వెలుగుతూనే ఉంది. "దీపం ఆరితేనే బిడ్డను ఎక్కిస్తా. లేకుంటే బస్సుకే వస్తా" అని ఆవిడ తేల్చేసింది.

గురువారం శిడ్లఘట్టలో పంక్చర్ అంగడి ముందు ఆపాను. అప్పటికే మూడు అంగళ్లు తిరిగాను. అంగడతను గాలి చూశాడు, వాల్వుల మీద ఉమ్మి రాసి చూశాడు. ఒక్క బుడగ లేదు.

"గాలి సరిగ్గానే ఉండాదప్పా. దీపానికే రోగం. వైరు కత్తిరించేస్తా, పీడ పోతాది" అన్నాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, సరే అనబోయాను.

పక్కన పట్టు తీసే షెడ్డు. అక్కడ పనిచేసే పెద్దామె టీ తాగుతూ మా గోలంతా వింటోంది. "గాలి తగ్గినట్ల దానికెట్ల తెలుస్తాదప్పా?" అని అడిగింది. గాలి తగ్గితే చక్రం చిన్నదై మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరుగుతుందనీ, బండి ఆ చుట్లు లెక్కపెడుతుందనీ పుస్తకంలో చదివింది ఒప్పజెప్పాను. కాస్త దర్పంగానే.

"చిన్న రాట్నానికి ఎక్కువ చుట్లు పడతాయి, అది మాకూ తెలుసు. గాలి ఉన్నా చక్రమే చిన్నదేమో. కొలిసినారా?"

ఎవరూ కొలవలేదు. ఆమె లోపలికెళ్లి పట్టుదారం పోగొకటి తెచ్చింది. అంగడతను జాకీతో బండి ఎత్తుతుంటే, మొదటి టైరు చుట్టుకొలతకు దారం తెంపి, దాన్నే ఒక్కో టైరుకు చుట్టి చూసింది. మూడింటికి సరిగ్గా సరిపోయింది. నాలుగోదానికి నాలుగు వేళ్ల దారం మిగిలింది. నెల కిందట చింతామణిలో టైరు పగిలితే, సైజు నంబర్లు అరిగిపోయిన పాతదొకటి కంటి అంచనాతో వేయించుకున్నది నేనే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

సరైన టైరు వేయించి బయల్దేరాక, ఊరు దాటిన కాసేపటికి దీపం ఆరిపోయింది.

శుక్రవారం గుడిబండెలో ఆవిడ బండెక్కి ముందు దీపాన్నే చూసింది. జరిగింది చెప్పాను. "ఆమెను చూసిపోదాం" అంది. ఇంటిదారి కాకపోయినా శిడ్లఘట్టకు తిప్పాను.

పెద్దామె పట్టుగూళ్లు ఉడికే వేడినీళ్లలోంచి చేతులు తీసి చీరకు తుడుచుకుంది. వేళ్ల తోలు తెల్లగా ఉబ్బి ఊడిపోతోంది. పాపను చూసి మురిసి, "ఎత్తుకోనులేమ్మా, చేతులంతా పురుగు వాసన" అని వెనక్కి జరిగింది.

మా ఆవిడ పాపను ఆ చేతుల్లోనే పెట్టింది.