అందరివీ చందనం గుండ్లే

యుద్ధం రోజులు. మా బాబుకు మూడో ఏట తిరుపతి వెళ్ళి, కొండమీద పుట్టువెంట్రుకలు తీయించాము. కిందికి దిగాక మావారు సత్రంలో నడుము వాల్చారు. కాలేజీ రోజుల నుంచీ పాత వస్తువులంటే నాకు సరదా. బాబును నడిపించుకుంటూ బజారు చూడడానికి బయలుదేరాను.

పాత సామాన్ల వరుసలో ఇత్తడి చెంబులు, పగిలిన అద్దాలు, తీగలు లేని తంబురా కూడా ఉన్నాయి. నగిషీల కుంకుమ భరిణె ఒకటి చూడడానికి బాబు చేయి వదిలాను. మళ్ళీ పట్టుకుని, పక్కనే వడలు వేస్తున్న చోటికి నడిచాను. వేగుతున్న వడల మీదే నా చూపు. ముక్కలు ఊది కిందికి అందిస్తుంటే, రోజూ అన్నానికి ఏడిపించేవాడు రెండు వడలు తినేశాడు. స్వామి దయ అని మురిసిపోయాను.

“ఏమ్మా, నా కొడుకును యాడికి పిలుచుకోని పోతా ఉండావు?” అని వెనక నుంచి ఒకామె అడిగింది.

కిందికి చూశాను. చందనం పూసిన గుండు అదే, పసుపు అంటిన చొక్కా అదే. ముఖం మాత్రం మావాడిది కాదు.

“మరి మా బాబేడండీ?” అన్నాను.

“ఇడిగో, నా సంకలో ఉండాడు. ఏడిస్తే గదా నావోడు కాదని నాకూ తెలిసింది. అరిటిపండు పెడితే ఊసేసినాడమ్మా నీ కొడుకు.”

అయితే మావాడే. అందుకుని గుండెకు హత్తుకున్నాను. ఇద్దరమూ నవ్వుకున్నాము.

వెయ్యిమందిలో ఉన్నా తల్లి తన బిడ్డను గుర్తుపడుతుందంటారు. తిరుపతి బజారులో మాత్రం ఆ మాట నమ్ముకోకండి. చేయి పట్టుకునే ముందు ముఖం కూడా చూసుకోండి.