కరుణ చెప్పిన ‘దట్’... ప్రిన్సిపాల్ గారు విన్న ‘శాటర్డే’

మా చిన్నప్పుడు... పామర్రులో మేం చదివిన ఇంగ్లిష్ మీడియం స్కూల్లో ప్రిన్సిపాల్ గారి గది గుమ్మం దాటితే తెలుగు మాట్లాడకూడదు. గుమ్మానికి ఇవతల ఏ భాషైనా సరే. అవతల మాత్రం దాహం వేసినా ఇంగ్లిష్‌లోనే వేయాలి...

ఒక సోమవారం పొద్దున ఆ గుమ్మం ముందు నేనూ, నా పక్కన కూర్చునే కరుణా నిలబడి ఉన్నాం. అప్పుడు మాది ఏడో తరగతి. కరుణ ఖోఖో ఆడేది. స్తంభం దగ్గర ఒక్కసారి మలుపు తిరిగిందంటే ఆమెను అంటుకున్నవాళ్లని నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నమే కంకిపాడులో పోటీలు. అన్నాల గంట కొట్టాక వ్యాను బయల్దేరుతుంది. అందుకోసం కరుణ ముందు రోజే కాన్వాసు బూట్లు ఉతికి, తడి మీదే సుద్దముక్క రుద్ది, వసారాలో పీట మీద ఆరబెట్టుకుంది. తీరా బడికొస్తే, “నువ్వు టీములో లేవు” అన్నారు. శనివారం ప్రాక్టీసుకు రాలేదన్నది కారణం.

జరిగింది ఇదీ. శుక్రవారం సాయంత్రం డ్రిల్లు మాస్టారు నేను వింటుండగానే ఆమెతో అన్నారు... “రేపు ప్రాక్టీసు లేదమ్మా కరుణా. మా తోడల్లుడి గృహప్రవేశం, ఊరెళ్తన్నా.” మర్నాడు రెండో శనివారం, బడికి సెలవు. కరుణ వాళ్లమ్మతో గుడివాడ వెళ్లింది. ఇక్కడేమో లెక్కల మాస్టారు తనే పూనుకుని, బడి చుట్టుపక్కల ఉన్న పిల్లలకు కబురు పెట్టి ఆడించారు. ఆ కబురు కరుణకు అందలేదు.

డ్రిల్లు మాస్టారు సోమవారానికీ తిరిగి రాలేదు. ఆయన మాటను కరుణే గుమ్మం దాటి లోపలికెళ్లి ప్రిన్సిపాల్ గారికి చెప్పుకోవాలి... ఇంగ్లిష్‌లో.

“సార్, డ్రిల్లు సార్ టోల్డ్ టు మీ దట్...”

“టోల్డ్ మీ. నో ‘టు’.”

కరుణ తడబడింది. చెప్పడానికి ఇంకో మాట వెతుక్కుంది. “సార్... హి ఎక్స్‌ప్లెయిన్డ్ మీ దట్...”

“ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ!”

ఇప్పుడే తీసేయమన్న ‘టు’ని ఇప్పుడే పెట్టమంటున్నారు... కరుణ నా వైపు చూసింది. నాకు మాత్రం ఏం తెలుసు? మనకు ‘నాకు చెప్పారు’, ‘నాకు వివరించారు’... రెంటికీ ఆ ‘కు’ ఒకటే. ఇంగ్లిష్‌లో ఏ క్రియ అలవాటు దానిది. దాన్ని బట్టీ పట్టాల్సిందే తప్ప ఎందుకని అడిగితే మా స్కూల్లో చెప్పేవాళ్లు లేరు.

చివరికి ఆయన దిద్దగా దిద్దగా ఒక వాక్యం తయారైంది. “హి టోల్డ్ మీ దట్ దేర్ వాజ్ నో ప్రాక్టీస్ ఆన్ శాటర్డే.”

తప్పు లేని వాక్యం. కరుణ ఊపిరి పీల్చుకుంది.

ప్రిన్సిపాల్ గారు కళ్లజోడు తీశారు. “ఆన్ శాటర్డే? హి వాజ్ నాట్ ఇన్ టౌన్ ఆన్ శాటర్డే. హౌ డిడ్ హి టెల్ యూ?”

శనివారం ఊళ్లోనే లేని మనిషి శనివారం నీకెలా చెప్పాడు అని ఆయన ప్రశ్న. కరుణ చెప్పింది, ప్రాక్టీసు లేనిది శనివారం అని. ఆయన విన్నది, మాస్టారు చెప్పింది శనివారం అని.

మన ‘అని’ అలా కాదు... మాట అయిపోయాక వచ్చి గడియ పెడుతుంది. ‘ప్రాక్టీసు లేదని శనివారం చెప్పారు’ అంటే గడియకు అవతల ఉన్న శనివారం చెప్పిన రోజే. అందులో ఎవరికీ అనుమానం రాదు. ‘దట్’ ముందొచ్చి తలుపు తీస్తుంది గానీ, ఎక్కడ మూసుకోవాలో చెప్పదు. చివర్లో వేలాడే ‘ఆన్ శాటర్డే’ లోపలిదో బయటిదో వినేవాళ్ల దయ.

“నో సార్, ఫ్రైడే... ఆన్ ఫ్రైడే హి...” అంది కరుణ.

“ఫస్ట్ యూ సెడ్ శాటర్డే. నౌ ఫ్రైడే!”

నేను ఉండబట్టలేక “సార్, శుక్రవారం నేనూ అక్కడే ఉన్నానండీ...” అన్నాను.

“ఇన్ ఇంగ్లిష్!”

నాకు రాలేదు. మధ్యాహ్నం కరుణ లేకుండానే వ్యాను వెళ్లిపోయింది.

డ్రిల్లు మాస్టారు బుధవారం వచ్చారు. విషయం విని, నేరుగా ఆ గదిలోకి వెళ్లి “నేనే చెప్పానండీ, శుక్రవారమే చెప్పాను” అన్నారు. ప్రిన్సిపాల్ గారు కరుణను పిలిపించారు, వెంట నేనూ వెళ్లాను. “చూడమ్మా, వాక్యం సరిగ్గా చెప్పుంటే ఇంత గొడవ ఉండేది కాదుగా!” అన్నారు... తెలుగులో. ఆ గదిలో ఆయన నోట తెలుగు వినడం నాకు అదే మొదటిసారి.

మరుసటి ఏడాది కరుణ టీముకు పేరివ్వలేదు. ఎందుకే అనడిగితే, “మళ్లీ ఏదన్నా అయితే ఆ గదిలో ఎవరు చెప్పుకుంటారే బాబూ!” అంది.

చాలా ఏళ్లుగా ఎవరు ఏమన్నారో రాయడమే నా ఉద్యోగం. ఒక మనిషి మాటను ఇంకొకరికి సరిగ్గా అందించడం ఎంత కష్టమో నాకు తెలుసు. పన్నెండేళ్ల పిల్లకు రాకపోవడం వింత కాదు. వినాల్సిన పెద్దమనిషి వ్యాకరణం విని, విషయం వినకపోవడమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇప్పుడు రోజులు మారాయి... ‘టోల్డ్ టు మీ’ అన్నా ఎవరూ ఆపడం లేదు. మొన్న పనిమీద విజయవాడలో ఒక స్కూలుకు వెళ్లాను. ఆఫీసు గది ముందు ఒక చిన్నపిల్ల పొట్ట పట్టుకుని నిలబడి ఉంది. ఏమ్మా అంటే, “కడుపులో మెలిపెడతందండీ... దాన్ని ఇంగ్లిష్‌లో ఏవంటారండీ?” అని నన్నే అడిగింది.

మీకూ ఇలా నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఏదైనా ఉంటే ఇక్కడ చెప్పండి... ఏ భాషలో వస్తే ఆ భాషలో. ఎవరూ దిద్దరు.