బెల్లు నొక్కిన పిన్ని

మా పిన్నికి తెలియని సంగతి లేదు. కృష్ణలో చేపల్ని ఇంటిపేర్లతో సహా చెప్పేదంటే నమ్మండి. బెజవాడలో ఓ టీవీవాళ్ళు భార్యాభర్తల క్విజ్ పెడితే, ఉయ్యూరు నుంచి ఆమెను, బాబాయిని నేనే తీసుకెళ్ళాను. నెల తిరక్కుండానే మూతపడిన ఆ ఆటలో భార్య బెల్లు నొక్కాలి, భర్త జవాబు చెప్పాలి.

ప్రశ్న వినగానే పిన్ని బాబాయి ముఖంలోకి చూసేది. అక్కడ జవాబు కనిపిస్తేనే నొక్కేది. ఇంట్లో సినిమా బాగుందనాలన్నా ముందు ఆ ముఖమే చూసేది.

చివరి ప్రశ్న, కృష్ణ ఎక్కడ పుట్టిందని. పిన్ని ఆయన వైపు చూడకుండానే నొక్కేసింది. బాబాయి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"రోజూ ఆ నీళ్ళే తాగుతారు కదండీ," అంది యాంకరమ్మాయి. హాలంతా నవ్వింది.

తిరుగు బస్సులో బాబాయి ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. మెడ కూడా తిప్పలేదు.

"మహాబలేశ్వరమని తెలిసేసరికి చెయ్యి ఆగలేదురా," అంది పిన్ని, నా పక్కన కూర్చుని.

"పోనీలే పిన్నీ, ఆటేగా."

కంకిపాడు దాటాక ఆమె నా చొక్కా అంచు పట్టుకుంది.

"ఇవాళ పామర్రు వెళ్ళకురా, మా ఇంట్లో ఉండిపో. ఎవరో ఒకరు ఎదురుగా ఉంటే మీ బాబాయి చెయ్యెత్తడు."