సూది కోసం వేసిన నాటు

నాటు వేయడమంటే నారు పట్టుకుని బురదలో గుచ్చడమేగా అనుకున్నాను. నా తెలివితక్కువతనానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అనుకుని ఊరుకున్నా బాగుండేది, ఇరవై మంది నాటు కూలీల ముందు పైకే అనేశాను.

నిజాం రాజ్యం పోయిన మరుసటి వానాకాలం అది. నేను బెజవాడలో వకీలుగారి కొడుకును. వరిని అన్నంగా తప్ప ఎరగను. మాకప్పుడు కోదాడ దాటితే పరదేశమే. డబ్బు వేరు, కచేరీ భాష వేరు, మా కలరా కూడా అక్కడ గత్తర. సేవ చేస్తానని పేరిచ్చి, సూర్యాపేటలో వారం రోజులు సూది వేయడం నేర్చుకుని, మిర్యాలగూడ పక్కన వేములపల్లిలో దిగాను. నేరేడుచర్లకు అప్పటికే గత్తర వచ్చింది. అది ఇక్కడికి చేరేలోగా అందరికీ సూది పడాలి. ఒక్కరూ చెయ్యి చాపలేదు.

సంగతేమిటని పొలం గట్టు మీద నిలబడి అడిగాను. నాటు ముఠాకు పెద్ద, యాభై ఏళ్ల అవ్వ, వంగిన నడుం ఎత్తకుండానే జవాబిచ్చింది.

"సూదేస్తె రెండొద్దులు చెయ్యి వాస్తదట. ఈడ నారు ముదిరిపోతున్నది. నాటెవరేస్తరు, నువ్వేస్తవా?"

"వేస్తాను. గుచ్చడమేగా, అవ్వా!"

"గట్లనా పిలగా? అయితే దిగు. గా మునుం నీదే."

మునుం అంటే ఒక్కొక్కరు నాటుకుంటూ పోవలసిన పట్టె. పంచె ఎగగట్టి దిగాను. నారు గుచ్చుతూ దర్జాగా ముందుకు నడిచాను. పొలమంతా గొల్లుమంది.

"ఓ పిలగా, ఎనకకు సూడు! నువ్వేసింది నువ్వే తొక్కుతున్నవ్!"

నాటు వెనక్కి నడుస్తూ వేస్తారని అలా తెలిసింది. నేను నాలుగు అడుగులు వెనక్కి వేసేసరికి రెండు పక్కలవాళ్లు నాటుకుంటూ ఎక్కడికో వెళ్లిపోయారు. అటూ ఇటూ పచ్చటి గోడలు, మధ్య సందులో నేను.

"బెజవాడ పెండ్లికొడుకు పందిట్లనే కూసున్నడే!" అని ఒకామె కేకేసింది. మధ్యాహ్నం తన జొన్న గటకలో సగం పెట్టిందీ ఆమే.

సేవకు నడుం కట్టుకుని వచ్చినవాణ్ణి, నాకో నడుం ఉందని ఆ రోజే తెలిసింది. అయినా గట్టెక్కలేదు. పొద్దు వాలేసరికి నేను నాటినదాంట్లో సగం నీళ్ల మీద తేలుతోంది. అవ్వ దాన్ని ఏరి మళ్లీ నాటుతూ ముఠాతో అంది:

"పని రానోడు పొద్దుమూకేదాక వంగిండు. ఉత్తగనే ఇంత తిప్పలు పడ్తడా? గత్తర పక్కకొచ్చింది నిజమే అయ్యుంటది. సగం మందిమి రేపు ఏసుకుందాం, వాపు తగ్గినంక మిగిలినోళ్లు." తరవాత నా వైపు తిరిగింది. "నువ్వు మాత్రం మల్ల పొలంల దిగకు, నీకు దండం పెడ్త."

మర్నాడు గట్టు పక్కనే పొయ్యి పెట్టి సూదులు మరగబెట్టాను. "పెద్దదానివి, అందరి చేతులూ నువ్వే పట్టుకో అవ్వా" అన్నాను. పట్టుకుంది. "చీమ కుట్టినట్టే ఉంటదే, గింత దానికి మొకం తిప్పుతవా?" అని ఒక్కొక్కరినే గదిమింది. వరస తరిగేకొద్దీ ఆమె గొంతూ తరిగింది. చివరికి ఆమె ఒక్కతే మిగిలింది.

"నేను రెండో జట్టుల ఏసుకుంట గాని..." అంటూ లేవబోయింది. సూదులు వేయించుకున్న పది మందీ చేతులు రుద్దుకుంటూ ఆమెనే చూస్తున్నారు. మళ్లీ కూర్చుని, చెయ్యి చాపి, కళ్లు గట్టిగా మూసుకుంది.

"జర జల్ది కానియ్యి, పిలగా."

నాకు నిన్నటి మునుం గుర్తొచ్చింది. సూదిని గాలిలో ఎత్తి పట్టుకుని, బెజవాడలో మా వీధి కబుర్లు మొదటి ఇంటి నుంచి తీరిగ్గా చెప్పడం మొదలుపెట్టాను.