టేపు కింది అంకె

ఏడేళ్లుగా దీన్ని మోస్తున్నాను. మోయలేక చెబుతున్నానని అనుకోకండి, ఇంకో ఏడేళ్లయినా మోయగలను. కానీ నేను వేసిన నింద ఒకటి ఇంకా ఒక మనిషి మీదే ఉంది. అది నాకు నచ్చడం లేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకక్కర్లేదు. వినండి చాలు.

సిడ్నీలో మాదొక చిన్న పాటల బృందం. పాత సినిమా పాటలు. నేను కీబోర్డ్, పాడేది అక్క. సొంత అక్క కాదు, బెజవాడ ఆవిడ. పారమట్టాలో ఆఫీసు ఉద్యోగం. జనం వచ్చేది ఆవిడ కోసమే. ఆవిడది ఐదున్నర శృతి. "శృతి దించిన రోజే మైకు దించేస్తా" అనేది. యాభై దాటాక పై స్వరాలు అందడం మానేశాయి. ఒక ఆదివారం మా గరాజ్‌లో రిహార్సల్ జరుగుతుంటే చరణం మధ్యలో గొంతు చీలింది. మంచినీళ్ల నెపంతో లోపలికెళ్లి ఎంతకీ రాలేదు.

తర్వాతి వారం ట్రాన్స్‌పోజ్ బటన్ ఒకసారి నొక్కాను. ఒక్కో నొక్కుకీ కీబోర్డ్ మొత్తం అర శృతి దిగుతుంది. వేళ్లు మాత్రం పాత మెట్ల మీదే ఉంటాయి. చూసేవాళ్లకి ఐదున్నర, వినబడేది ఐదు. అక్క హాయిగా పాడింది. "చూశావా, ఇవాళ గొంతు లేచింది!" అని మురిసిపోయింది. కొన్నాళ్లకి రెండోసారి నొక్కాను. తెర మీద మైనస్ రెండు అని కనబడుతుంటే నల్ల టేపు అంటించి, తెర పాడైందని చెప్పాను. మిగతా ఇద్దరివీ రిథమ్ ప్యాడ్‌లు, వాటికి శృతి గొడవ లేదు.

దీనికి నేను సిగ్గుపడను. మోసమే. అయితే ఏం? నిజం చెప్పి ఆవిడ నోరు మూయించి ఉంటే నన్ను మంచివాడు అనేవాళ్లా? అననివ్వండి. నాకు ఆవిడ పాట కావాలి. ఆవిడ లేకపోతే నా కీబోర్డ్‌ని పిలిచే వాళ్లు లేరన్నది కూడా నిజమే. అదీ రాస్తున్నాను.

నేను చెప్పవలసింది ఇది కాదు.

ఆ ఏడాది ఫ్లూట్ వాయించే ఒకాయన మాలో చేరాడు. వరంగల్ మనిషి, ముప్పై ఉంటాయి, ఏజ్డ్ కేర్‌లో, అంటే వృద్ధుల హోమ్‌లో, షిఫ్టులు చేసుకునేవాడు. ఒక్కో ఫ్లూట్‌ది ఒక్కో శృతి కదా, మొదటి ఆదివారం అక్క కోసం ఐదున్నర ఫ్లూట్ తెచ్చాడు. ఊదగానే పాట రెండు ముక్కలైంది. ఆగి నా వేళ్లు చూశాడు. టేపు చూశాడు. "సారీ, నాదే తేడా ఉన్నది" అని ఫ్లూట్ దించేశాడు.

మరుసటి ఆదివారం అందరికంటే ముందే వచ్చాడు. సంచిలోంచి ఇంకాస్త పొడుగు ఫ్లూట్ తీశాడు.

"అన్నా, ఇది నాలుగున్నర. ఇగ కలుస్తది."

"ఏం కలవడం?" అన్నాను.

"టేపు కింద ఏమున్నదో నాకెందుకన్నా. అక్క మంచిగ పాడుతున్నది. నేనెవ్వరికీ చెప్ప."

నవ్వుతూనే అన్నాడు. బెదిరింపు లేదు, వెటకారం లేదు. నా గుట్టులో సగం బరువు తన భుజానికెత్తుకున్నాడు, అంతే. నేనేం చేశానో తెలుసా? అక్క వచ్చింది, పాట మొదలవబోతోంది, మూడోసారి నొక్కాను.

ఫ్లూట్ మళ్లీ విడిపోయింది. అర శృతి తేడా, చెవిలో ఇసుక పోసినట్టు. అక్క చెయ్యెత్తి పాట ఆపింది. "వరసగా రెండో వారం. ఇతనికి శృతి తెలుస్తోందంటావా?" అని నన్నడిగింది.

"తెలియట్లేదక్కా. చెవిలోనే లోపం" అన్నాను.

ఆయన నావైపు చూశాడు. ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ టేపు పీకితే అయిపోయేది. అనలేదు, పీకలేదు. ఫ్లూట్‌లు గుడ్డలో చుట్టుకుని, అక్కకి దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

ఎందుకు చేశాను? తెలిసినవాడు ఒకడుంటే ఎప్పటికైనా బయటపడతానని భయమా? లేక, నేను ఇన్నాళ్లూ గొప్ప త్యాగంలా దాచుకున్న పనిని ఆయన ఏ గొప్పా లేకుండా చేయబోయాడు, అది ఓర్చుకోలేకనా? రెండోదే అనుకుంటాను. భయమైతే ఏడేళ్లలో అరిగిపోయేది.

ఈమధ్య ఒక పెళ్లిలో ఎవరో ఆయన్ని ఫ్లూట్ వాయించమంటే, "నాకు శృతి నిలవదు" అన్నాడట. నా మాట నమ్మేశాడా, ఇంకా మా గుట్టే కాస్తున్నాడా? అడగలేదు. అడిగే మొహం లేదు.

అక్క ఇప్పటికీ పాడుతోంది. ఆవిడకి చెప్పను. మీరేమనుకున్నా చెప్పను. ఆయన్ని క్షమించమనీ అడగను. అడిగితే క్షమించేస్తాడు, ఆ మనిషి అలాంటివాడు.

రెండు ఆదివారాలూ ఆయన శృతి సరిగ్గానే ఉంది. తేడా నాది, రెండో వారం కావాలనే చేశాను. ఈ మాట నా చెవిలో తప్ప ఎక్కడా లేదు ఇన్నాళ్లూ. ఇప్పుడు మీ దగ్గర కూడా ఉంది.