మంగళం పాడని కచేరీ

పోయిన వారం కుప్పంలో నా అంగడి తెరుస్తుండగా సోమల పక్కనున్న మా ఊరి నుంచి ఫోను వచ్చింది. పెదనాయన పోయాడు. పొద్దున ఎద్దులకు నీళ్లు పెట్టి, తిన్నె మీద కూర్చుని, అట్లాగే పక్కకు వాలిపోయాడట.

ఆయన మా ఊరి చెక్కభజనకు గురువు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇత్తడి బిళ్లలు బిగించిన చెక్కలు చేతుల్లో ఆడిస్తూ, గుండ్రంగా తిరుగుతూ అడుగులు వేస్తారు. నడుమ నిలబడి పాట అందించేది, అడుగు మార్పించేది గురువు. చివర మంగళం పాడేదీ ఆయనే. అది అయ్యేదాకా ఎవరూ కదలకూడదు, దాహానికైనా సరే. మాకు ఆయన నేర్పిన మొదటి మాట అదే. "మొదులుపెట్టేది ఎవురైనా పెడతారు. ముగించి లెయ్యాల."

తొంభైల్లో ఒక ఏడు పుంగనూరులో గుడి ముందర భజన జరుగుతుండగా, మదనపల్లె ఆసుపత్రిలో పెద్దమ్మ పోయిందని కబురు వచ్చింది. ఆయన చెక్కలు పక్కవాడి చేతిలో పెట్టి బస్సెక్కాడు. ఆ తర్వాత వాటిని ముట్టలేదు. గురువు ముట్టనివి మేమెట్లా ముడతాం? చెక్కల సంచి ఏళ్లతరబడి మేకుకు వేలాడింది. ఊళ్లో కనబడ్డవాళ్లంతా నన్నే అడిగేవారు. "మీ పెదనాయన నోరు తెరవక మా పిల్లోళ్లంతా క్రికెట్టు పాలైనారప్పా. ఇంగ మన ఊర్లో భజన ఉండాదా, లేదా?"

అప్పట్లో నేను మదనపల్లెలో ఒక పుస్తకాల అంగడిలో పనిచేసేవాణ్ని. అమెరికా జాజ్, క్యూబా పాట, పడమటి ఆఫ్రికా డోళ్లు కలిపి వాయించే బృందం ఒకటి బెంగళూరులో కచేరీ చేసి, తెలిసినవాళ్ల పిలుపు మీద మదనపల్లె బయట ఉన్న ఒక బడికి వచ్చింది. మా అంగడికి పాసులు ఇచ్చారు. కళ్లజోడు మార్పిద్దామని చెప్పి పెదనాయనను పిలిపించి, అక్కడికి తీసుకుపోయాను.

సాయంకాలం, ఆరుబయట. మొదట శాక్సోఫోను ఒక్కటే ఎటో పోయింది. ఆఫ్రికా ఆయన మోకాళ్ల నడుమ పెట్టుకున్న డోలు దాని వెంటబడింది. ఎవరి దారిన వాళ్లు పోతున్నట్టే ఉండి, ఉన్నట్టుండి అందరూ ఒకచోట కలిసేవారు. వీటన్నిటి కింద క్యూబా ఆయన రెండు పొట్టి కట్టెలు టక్కుటక్కుమని కొడుతూనే ఉన్నాడు.

"ఆ వంకర బూరలో ఎలుక దూరితే యాడనుంచి తీస్తారురా?" అన్నాడు పెదనాయన. కాసేపటికి చూస్తే, ఆ కట్టెల దెబ్బకు తగ్గట్టు ఆయన వేళ్లు మోకాలి మీద కదులుతున్నాయి. "ఆ కట్టెలాయన సూడు, మనోడే" అన్నాడు చివరికి.

ఆఖరి పాట అయింది. జనం చప్పట్లు కొట్టి లేచారు. ఆయన లేవలేదు.

"లే పెదనాయనా, అయిపోయింది."

"యాడైపోయిందిరా? మంగళం పాడలా."

"వాళ్లకు అట్లాంటిది ఉండదు."

"ఉండదంటే? మొదులుపెట్టినోళ్లు ముగించకుండా పోతారా? కూర్సో."

కూర్చున్నాను. మైదానం ఖాళీ అయింది. కుర్చీలు మడిచేవాళ్లు మా వరుసకు వచ్చి ఆగిపోయారు. సామాను సర్దుకుంటున్న డోలు ఆయన మమ్మల్ని చూసి, పక్కనున్న బడి అయ్యవారిని ఏమిటని అడిగాడు. అయ్యవారు వచ్చి నన్ను అడిగి, పోయి చెప్పాడు. డోలు ఆయన నవ్వలేదు. కట్టిన డోలు విప్పి మళ్లీ కూర్చుని, మెల్లగా వాయిస్తూ తన భాషలో ఏదో పాడాడు. కట్టెలాయన వచ్చి కలిశాడు. అది ఏ పాటో నాకు తెలియదు. అది ఆగాక పెదనాయన లేచి చేతులు జోడించాడు.

తిరుగు బస్సు పుంగనూరు దగ్గర పడింది.

"ఆ పొద్దు నేను మంగళం పాడకుండానే లేసొచ్చినా" అన్నాడు.

"పెద్దమ్మ కబురు వచ్చినాక ఎవరు పాడతారు పెదనాయనా?"

"అది పోయింది. భజన ఆడనే నిలబడి ఉండాది గదరా. దాన్ని ముగించకుండా ఇంగోటి ఎట్ల మొదులుపెట్టేది?"

వచ్చిన శనివారం మమ్మల్నందరినీ ఆ గుడి ముందరికే తీసుకుపోయాడు. ఆనాడు ఏ అడుగు దగ్గర ఆగామో ఆ అడుగు మీదే నిలబెట్టాడు. అక్కడి నుంచే పాట అందుకున్నాడు. మంగళం పాడేటప్పుడు ఒకచోట పాట తెగింది. ఆగి, నీళ్లు తాగకుండానే మళ్లీ పాడాడు. అప్పటినుంచి మొన్నమొన్నటిదాకా ఊళ్లో భజన ఆగలేదు. మంగళం మాత్రం ఎవరికీ నేర్పలేదు. అడిగితే, "నేనుండంగా మీకు యాల?" అనేవాడు.

ఆయన పోయిన మర్నాడు పాడె ముందర భజన చేసుకుంటూ చేను దాకా పోయాం. మట్టి పోయడం అయ్యాక దాని చుట్టూ తిరుగుతూ అడుగులు వేశాం. పాట ఆఖరికి వచ్చింది. ఇక మిగిలింది మంగళమే. మాలో పెద్దవాడు ఒకడు, ఆనాడు పుంగనూరులో ఆయన చెక్కలు అందుకున్నవాడే, చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఆగిన అడుగు గుర్తు పెట్టుకోండప్పా" అన్నాడు.

అందరి ఎడమకాళ్లూ ముందుకు ఉన్నాయి. కొత్తగా తవ్విన ఎర్రమట్టిలో ఆ పాదాల గుర్తులు ఆయన చుట్టూ గుండ్రంగా అట్లాగే ఉండిపోయాయి.